పొద్దు గూకితే కరెంటు బంద్

ఆదిలాబాద్‌లో మా బాపు పనిచేసిన జిన్నింగ్ మిల్లులో పొద్దు గూకితే కరెంటు ఉండదు. బిల్లు కట్టక కాదు, లైన్‌మన్ దయ తప్పి కాదు. మేమే తీసేస్తాం. గేటు పక్క గోడకు ఇనుప డబ్బాలో ఒక పెద్ద హ్యాండిల్ ఉంటుంది. దాన్ని కిందికి లాగితే మరలు, బల్బులు, మేనేజరు గదిలో ఫ్యాను అన్నీ ఒక్క దెబ్బకు ఆగిపోతాయి. లాగే ముందు బాపు గొంతెత్తి తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి అరిచేవాడు. "బంద్ చేస్తున్నా!" "బంద్ కర్తోయ్!"

పత్తి ఏరే ఆడవాళ్ళు అప్పటికే గేటు బయటికి వచ్చి, నడుముకు దోపిన కొంగులు విప్పి దూది దులుపుకుంటూ ఉండేవారు. వెంటనే ఇళ్ళకు పోయేవారు కాదు. వెనక్కి తిరిగి మిల్లును చూసేవారు. కిటికీలన్నీ నల్లబడ్డాకే అడుగు కదిపేవారు. కొత్తగా పనిలో చేరిన మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పక్కవాళ్ళను చూసి తనూ నిలబడేది.

ఈ పద్ధతిని మార్చాలని తొంభైల చివర్లో హైదరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. కత్తులతో రాలేదు, కంప్యూటర్లతో వచ్చాడు. ఆయన తెచ్చిన కంప్యూటర్ల పని చేసేదాన్ని నేనే. అందుకే ఆ తగాదా నా మెడకు చుట్టుకుంది. చుట్టుకోనిచ్చాను కూడా. నాకు మొండితనం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అది తిట్టని నేనెప్పుడూ అనుకోలేదు.

ముందు మా అవ్వ గురించి, అంటే మా అమ్మ గురించి చెప్పాలి. మాది సుల్తానాబాద్ దగ్గర నేత ఇల్లు. అరవైతొమ్మిదిలో ఉద్యమంతో బడులు బందయినప్పుడు నేను చిన్నపిల్లను. ఊరి గోడలన్నీ నినాదాలే. అన్నలు రోడ్ల మీద, మాకేమో ఇంట్లో ఆటలు. ఆ ఏడాది బడిలో నేర్వాల్సింది అవ్వ పక్కన నేర్చుకున్నాను. అవ్వది పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అతికే పని. మగ్గం మీద బట్ట నేయడం అయిపోయాక పడుగును మొత్తం కోసెయ్యరు. మగ్గానికుండే దువ్వెనలాంటి అచ్చులో మూరెడు మిగులుస్తారు. ఏ పోగు ఏ కంట్లోంచి పోవాలో ఆ మూరెడులో అంతా ఉంటుంది. కొత్త పడుగు తెచ్చి, దాని పోగును పాత పోగుకు వేళ్ళతో మెలిపెట్టి అతుకుతారు. అలా పోగు పోగునా అతికి మెల్లగా ముందుకు లాగితే కొత్త పడుగు పాత దారిలోనే పోయి కూర్చుంటుంది. అవ్వ వేళ్ళకు కాస్త బూడిద రాసుకుని, కళ్ళు ఎటో పెట్టి, పక్కింటావిడతో పోట్లాడుతూ కూడా ఒక్క పోగు తప్పకుండా అతికేది.

"మొత్తం కోస్తే ఏమైతదే?" అని అడిగాను ఒకసారి.

"ఏమైతది, మళ్ల మొదటికే. గా తెలివి అచ్చుల ఉన్నది బిడ్డా, నా నెత్తిల లేదు" అంది.

కొన్నేళ్ళకు నేత పని పల్చబడింది. బాపుకు మరల మీద చెయ్యి ఉండేది. ఏ మర విప్పినా మళ్ళీ బిగించగలడు. ఆదిలాబాద్‌లో ఒక సేటు జిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా కుదిరాడు. అవ్వ అదే మిల్లులో పత్తి ఏరడానికి చేరింది. ఇంటికి వచ్చాక వాడకట్టులో ఇంకా ఆడుతున్న రెండు మూడు మగ్గాలకు పడుగులు అతికేది. మా ఇంటి చుట్టూ సగం మరాఠీ, సగం తెలుగు. తిట్లు మాత్రం రెండింట్లోనూ వచ్చేవి.

ఆ రోజుల్లోనూ సాయంత్రం మిల్లు బంద్ చేయడం ఉండేది. పత్తికి నిప్పు భయం ఎవరికి తెలియదు? గేటు దగ్గర అగ్గిపెట్టెలు, బీడీలు గుంజుకునేవారు. కాని సేటు గదికి మాత్రం స్తంభం నుంచి విడిగా ఒక తీగ ఉండేది. మిల్లు బందయ్యాక ఆయన ఫ్యాను కింద కూర్చుని లెక్కలు చూసుకోవడానికి. ఒక్క తీగేగా అనుకున్నారు అందరూ. ఒక పత్తి సీజన్లో, హ్యాండిల్ దించాక, మిగిలిన దూదిని ఆడవాళ్ళు కుప్ప చేస్తున్నప్పుడు ఆ ఒక్క తీగే గోడ మూల రవ్వలు కొట్టింది. కరెంటు లేదనుకున్న చోట నిప్పు లేస్తే మనిషికి ముందు నమ్మబుద్ధి కాదు. ఆ నమ్మకపోవడంలోనే ఆలస్యమైంది. తలుపుకు అడ్డంగా దూది అంటుకుంది. మా అవ్వ ఆ కాలుతున్న దూదిని రెండు చేతులతో పక్కకు లాగి దారి చేసింది. అందరూ బయటపడ్డారు. అవ్వ కూడా.

చేతులు మానాయి. జొన్నరొట్టె కొడుతుంది, నీళ్ళు తోడుతుంది. వేళ్ళ కొసలకు మాత్రం స్పర్శ పోయింది. పోగు పట్టుకున్నానో లేదో ఆమెకే తెలిసేది కాదు. మా ఇంటికి పడుగులు రావడం ఆగిపోయింది. అవ్వ ఏడవలేదు. నాకే కోపం. సేటు మీద, ఆ తీగ మీద, ఒక్క తీగేగా అన్న ప్రతి మనిషి మీద. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాలని నాకూ లేదు.

సేటు మిల్లు అమ్ముకుని పోయాడు. పత్తి కొనే సహకార సంస్థ ఒకటి దాన్ని తీసుకుంది. కొత్తవాళ్ళు బాపును ఉండమని అడిగితే ఆయన ఒకే ఒక్క మాట అన్నాడట. "మిల్లుకు ఒక్కటే హ్యాండిల్ ఉండాలె. అది దించితే ఏదీ బతికుండొద్దు." వాళ్ళు సరేనన్నారు. గేటు బయట నిలబడి వెనక్కి చూడడం ఆడవాళ్ళు ఆ నాటి నుంచే మొదలుపెట్టారు. ఎవరూ తీర్మానం చేయలేదు. అవ్వ మళ్ళీ పనిలోకి పోలేదు కాని, ప్రతి సాయంత్రం గేటు దాకా వచ్చి, కిటికీలు నల్లబడడం చూసి, బాపుతో కలిసి ఇంటికి పోయేది.

నేను కరీంనగర్‌లో చదివాను. కంప్యూటర్లు నేర్చాను. అదే సహకార సంస్థ కరీంనగర్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. బాపు సిఫారసుతో వచ్చిందని కొందరన్నారు. మిల్లు ఫిట్టరు సిఫారసుకు అంత విలువ ఉంటే బాగానే ఉండేదని నేనూ అన్నాను.

తొంభైల చివర్లో సంస్థవాళ్ళు అన్ని ఊళ్ళ పత్తి లెక్కలనూ ఒక్క చోట చేర్చాలనుకున్నారు. దానికి డేటా వేర్‌హౌస్ అని పేరు. అంటే లెక్కల గోదాము. దాన్ని కట్టడానికి ఒక కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఏ లెక్క ఏ ఊరి నుంచి తేవాలి, దేన్ని దేనితో కలపాలి, ఏది ముందు ఏది వెనక, ఈ ఏర్పాటంతా ఆ సాఫ్ట్‌వేర్ వేరే ఒక చోట దాచుకుంటుంది. దాన్ని రిపాజిటరీ అంటారు. గోదాములో సరుకు పోతే మళ్ళీ నింపుకోవచ్చు. రిపాజిటరీ పోతే ఎలా నింపాలన్నదే పోతుంది. పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు అవ్వ నా పని ఏమిటని అడిగితే ఇదంతా చెప్పాను. అవ్వ రొట్టె తిప్పుతూ, "అచ్చుల మిగిల్చిన మూరెడు పడుగే కదనే అది" అంది. అప్పటి నుంచి నాకు వేరే వివరణ అవసరం పడలేదు.

ఆ రిపాజిటరీని ఎక్కడ పెట్టాలి, ఎన్ని పెట్టాలి, ఎవరి పని ఎక్కడ ఉండాలి అని ముందే ఒక నక్షా గీయాలి. ఇల్లు కట్టేముందు గీసినట్టే. హైదరాబాద్ పెద్ద ఆఫీసు నుంచి ఆ పనికి ఒక అధికారిని వేశారు. గోదావరి జిల్లాల మాట, ఇస్త్రీ మడత నలగని చొక్కా. చెడ్డవాడు కాదు. పని తెలిసినవాడే. ఆయన నక్షాలో ఒకే ఒక్క రిపాజిటరీ, అది హైదరాబాద్‌లో. కరీంనగర్, ఆదిలాబాద్ ఫోన్ లైను మీద దానికి తగులుకుని పనిచేయాలి. రాత్రి లైను ఖాళీగా ఉన్నప్పుడు హైదరాబాద్ మెషీన్ మా మెషీన్లను లేపి లెక్కలు లాక్కుంటుంది.

మొదట అలాగే పెట్టి చూశారు. ఆదిలాబాద్‌లో లారీలను తూచే కాంటా మిల్లు ఆవరణలోనే ఉంది కాబట్టి కంప్యూటర్ గది కూడా అక్కడే. పొద్దు గూకేది, బాపు హ్యాండిల్ దించేవాడు. ఆ గదిలో ఎవరైనా ఏదైనా తెరిచి దిద్దుతుంటే అది దిద్దుతుండగానే ఆగిపోయేది. హైదరాబాద్ రిపాజిటరీకి ఆ సంగతి తెలిసేది కాదు. ఆదిలాబాద్ ఇంకా పనిచేస్తోందనుకుని దాన్ని ఎవరికీ ఇవ్వకుండా పట్టుకుని కూర్చునేది. మర్నాడు హైదరాబాద్‌లో ఎవరు తెరవబోయినా "ఆదిలాబాద్ వాడుతోంది" అని చెప్పేది. ఆదిలాబాద్ అప్పటికి ఇంట్లో పళ్ళు తోముకుంటూ ఉండేది. ఫోను మాత్రం నాకు వచ్చేది. ఉరిమి ఉరిమి మంగళం మీద పడ్డట్టు. "మీ వాళ్ళకు కంప్యూటర్ ఆపడం కూడా రాదాండీ?" అని.

నేను వేరే నక్షా గీశాను. అందరికీ కావలసినవి హైదరాబాద్‌లో ఉమ్మడి రిపాజిటరీలో ఉండాలి. ఆదిలాబాద్‌కు దాని సొంతది, కరీంనగర్‌కు దాని సొంతది ఉండాలి. సాయంత్రం హ్యాండిల్ పడితే ఆదిలాబాద్‌ది దాని దగ్గర నిద్రపోతుంది, హైదరాబాద్‌లో దేన్నీ పట్టుకుని కూర్చోదు. పొద్దున కరెంటు వచ్చాక ఆదిలాబాద్ తన మార్పులను, లెక్కలను తెచ్చి ఉమ్మడిదానికి అతుకుతుంది. అతుకు కుదిరిందని తేలేదాకా పాతదాన్ని ఎవరూ తుడిచెయ్యరాదు. చివరి నియమం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అధికారి కరీంనగర్ వచ్చి నా నక్షా చూశాడు.

"రెండు చోట్లా ఒకే దాన్ని రెండు రకాలుగా మారుస్తే ఏం చేస్తారమ్మా?"

"పొద్దున అతికేటప్పుడు తెలుస్తుంది సార్. ఫోన్ చేసి మాట్లాడుకుంటాం."

"మాట్లాడుకోవడం ఆర్కిటెక్చర్ కాదమ్మా."

"మాట్లాడుకోకుండా పత్తి లెక్క ఏ ఊళ్ళో తేలింది సార్?"

ఆయన నవ్వాడు. నవ్వి, తన నక్షాను నా ముందుకు జరిపాడు. అందులో కొత్తగా ఒక వాక్యం ఉంది. ఆదిలాబాద్ కంప్యూటర్ గదికి స్తంభం నుంచి విడిగా ఒక లైను వేయించి, రాత్రింబవళ్ళు కరెంటు ఉంచాలి. రెండు ఊళ్ళ కంప్యూటర్ పని నా చేతి కింద ఉంది కాబట్టి నేను సంతకం పెట్టాలి.

"ఇది నేను పెట్టను సార్."

"ఎందుకు? మిల్లంతా బంద్ చేసుకోమనండి. ఈ ఒక్క గదికే కదా. ఒక్క తీగ."

ఆ మాట వినగానే నా చెవులు వేడెక్కాయి. మిల్లులో అలా విడిగా తీగలు ఉండవన్నాను. బ్యాటరీలు పెట్టిద్దామన్నాడు. ఆ గది గోడకు అవతల దూది కొట్టు ఉంది, హ్యాండిల్ దించాక బతికి ఉండేది ఏదీ అక్కడ వద్దన్నాను. ఆయనకు విసుగొచ్చింది.

"చూడమ్మా, మధ్యలో కరెంటు పోయి డేటా పాడయ్యాక ఏం చేసినా లాభం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉంటుంది. ముందే జాగ్రత్త పడాలి."

"మా అవ్వ చేతులు అక్కడనే కాలినయి సార్" అన్నాను. "గిట్లాంటి ఒక్క తీగెకే."

ఆయన కాసేపు కాగితాలు సర్దాడు. అయ్యో అన్నాడు. ఆ అయ్యో అబద్ధం కాదు. తర్వాత, అది పాతకాలం వైరింగు, ఇప్పుడు మంచి కేబుళ్ళు వచ్చాయి అన్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా? మంచి కేబుల్ అని సేటు కూడా అనుకునే ఉంటాడు. పెట్టను అని మళ్ళీ చెప్పాను. ఆయన లేచి, సంతకం లేకపోయినా పని ఆగదని, నేను మాత్రం వేరే సెక్షన్‌కు పోవాల్సి వస్తుందని మెల్లగా చెప్పి వెళ్ళాడు. నేను కంప్యూటర్ పని నేర్చుకున్నది వచ్చిపోయే ఉత్తరాల ఆవక జావక రిజిస్టర్లో ముద్రలు వేయడానికి కాదు.

తర్వాతి వారం ఆయన జీపులో ఆదిలాబాద్ బయల్దేరాడు. వెంట ఎలక్ట్రీషియన్. నన్నూ ఎక్కమన్నాడు, ఎక్కాను. జగిత్యాల, నిర్మల్ దాటేదాకా పత్తి రేట్ల గురించి మాట్లాడుకున్నాం. సీజన్ జోరు మీద ఉంది. మిల్లు ముందు రోడ్డు పొడుగునా ఎడ్లబండ్లు, లారీలు. గాలిలో దూది.

ఎండ ఉండగానే ఎలక్ట్రీషియన్ స్తంభం ఎక్కాడు. బాపు చేతులు తుడుచుకుంటూ వచ్చి, తలెత్తి చూస్తూ నిలబడ్డాడు.

"ఏమయ్యా, హ్యాండిల్ మనిషివి నువ్వేనా?" అన్నాడు అధికారి.

"ఆయన మా బాపు సార్" అన్నాను.

ఆయన గతుక్కుమన్నాడు. ఏమయ్యా కాస్తా ఏమండీ అయింది. "ఏం లేదండీ, మీ పద్ధతి మీదే. ఈ గదికి మాత్రం వేరే లైను ఉంటుంది. మీరు దాని ఫికర్ పెట్టుకోవద్దు."

బాపు స్తంభం మీది తీగ వైపు చెయ్యి చూపించాడు. "సారు, గా తీగె నా హ్యాండిల్ కిందికి రాదు గదా?"

"రాదు. అదే కదా మనక్కావలసింది."

"గట్లయితే బంద్ అయిందని నేనెట్ల ఒర్రాలె?"

బంద్ అయిందని ఎలా అరవాలన్న ఆ ప్రశ్న అధికారికి అర్థం కాలేదు. నవ్వి బాపు భుజం తట్టి లోపలికి పోయాడు. నాకు అర్థమైంది. ఆ ఆడవాళ్ళు ఇన్నేళ్ళుగా నమ్ముతున్నది హ్యాండిల్‌ను కాదు, బాపు గొంతును. ఆ గొంతుతో అబద్ధం ఆడమంటున్నారు. అవ్వ చేతులు కాలిన నాడు కూడా బంద్ అయిందనే అనుకున్నారు అందరూ.

"ఏం చేస్తవు బాపు?" అని అడిగాను.

"ఏం జేస్త బిడ్డా. దించుత. ఒర్ర."

పొద్దు గూకింది. ఆడవాళ్ళు బయటికి వచ్చి కొంగులు దులుపుకున్నారు. బాపు హ్యాండిల్ దించాడు. అరవలేదు. మరల చప్పుడు ఆగిపోయింది, కిటికీలు ఒక్కసారిగా నల్లబడ్డాయి. కంప్యూటర్ గది కిటికీ మాత్రం వెలుగుతూనే ఉంది. ట్యూబులైటు వెలుగు, పాల రంగులో, ఆవరణ మధ్య దాకా పడుతోంది.

గేటు బయట ఎవరూ కదలలేదు. చివరికి ఒక పెద్దావిడ గేటుకు అడ్డంగా నేల మీద కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకామె. చూస్తుండగానే అందరూ కూర్చున్నారు. రోజూలాగే వచ్చిన మా అవ్వ కిటికీ వైపు చూసింది. నా వైపు చూసింది. చేతులు కొంగులో పెట్టుకుని వాళ్ళ మధ్య కూర్చుంది.

లోపలికి రావాల్సిన బండ్లు ఆగిపోయాయి. బయటికి పోవాల్సిన లారీ ఆగిపోయింది. డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టాడు. ఎడ్లు మెడలు విదిలిస్తున్నాయి.

"వీళ్ళెందుకు కూర్చున్నారు? సమ్మె చేస్తున్నారా?" అన్నాడు అధికారి.

"లేదు సార్. మిల్లు ఇంకా బంద్ కాలేదు."

ఆయన వాళ్ళ దగ్గరికి పోయి ఇళ్ళకు వెళ్ళమని చేతులు జోడించి చెప్పాడు. పెద్దావిడ ఆయన్ను తేరిపార చూసి, "తుమ్హీ జా సాహెబ్" అంది. "మీరు పోండ్రి. మేం ఉంటం."

నాకు భయం వేసింది. దాచుకోను. ఉద్యోగం కళ్ళ ముందు కనిపించింది. కరీంనగర్‌లో అద్దె ఇల్లు, నా టేబుల్, నేను గీసిన నక్షా. ఇవన్నీ ఒక వైపు. ఇంకో వైపు మా అవ్వ, నేల మీద. కాగితం మీద సంతకం పెట్టను అని చెప్పడం ఎంత సులువో అప్పుడు తెలిసింది.

కంప్యూటర్ గదిలోకి పోయాను. ఇద్దరు గుమస్తాలు బిక్కమొహాలతో కూర్చుని ఉన్నారు. తెరిచినవన్నీ మూయమన్నాను. మూశారు. మెషీన్లు పద్ధతిగా ఆపాను. తర్వాత తలుపు పక్కన కొత్తగా బిగించిన డబ్బా తెరిచి ఫ్యూజు గుంజాను. నా చేతుల్లోకి చీకటి వచ్చింది. ఫ్యూజును హ్యాండ్‌బ్యాగులో వేసుకుని బయటికి వచ్చాను. వచ్చాక ఎలక్ట్రీషియన్‌తో స్తంభం దగ్గర కూడా తీగ ఊడదీయించాను. చీకటి పూర్తిగా పడకముందే దిగాలన్న తొందర అతనిది. ఎవరి ఆర్డరని అడగలేదు.

బాపు గేటు దగ్గర నిలబడి కిటికీలన్నిటి మీదా చూపు తిప్పాడు. హ్యాండిల్ ఎప్పుడో దించి ఉంది. అయినా దాని మీద చెయ్యి వేసి అరిచాడు. అంత గట్టిగా ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు. "బంద్ అయింది!" "బంద్ ఝాలా!"

ఆడవాళ్ళు లేచారు. చీరలకు అంటిన దుమ్ము దులుపుకున్నారు. మా అవ్వ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేస్తూ, "ఇగ నడువుండ్రి, పొయ్యి మీద ఎసరు పెట్టాలె" అంది. లారీ కదిలింది.

అధికారి నా ఎదురుగా వచ్చి చెయ్యి చాపాడు. "ఆ ఫ్యూజు ఇవ్వండి."

"ఇయ్య సార్."

"ఇది పై అధికారి మాట ధిక్కరించడం. తెలుసా మీకు?"

"తెలుసు సార్."

నాకు మెమో వచ్చింది. ఎందుకు చర్య తీసుకోకూడదో చెప్పమని. పత్తి ఉన్న చోట కరెంటు తీశాను, మళ్ళీ పెడితే మళ్ళీ తీస్తాను అని జవాబు రాశాను. స్నేహితులు కొంచెం మెత్తగా రాయమన్నారు. నాకు మెత్తగా రాయడం రాదు.

ఆయన నా జవాబుకు మెచ్చి మారాడని చెప్పను. సీజన్ ఆయన్ను మార్చింది. మళ్ళీ తీగ వేయిస్తే ఆడవాళ్ళు రోజూ గేటుకు అడ్డం కూర్చుంటారు, రోడ్డు మీద పత్తి రోడ్డు మీదే ఉంటుంది. పత్తి రాకపోతే ఆయన లెక్కల గోదాములో పెట్టడానికి లెక్కలు ఉండవు. పెద్ద ఆఫీసులో ఎవరో ఆ మాట ఆయనకు చెప్పే ఉంటారు. కొన్నాళ్ళకు నన్ను హైదరాబాద్ పిలిపించి, నా నక్షా తెమ్మన్నాడు.

"ఈ సీజన్‌కు మీదే పెట్టండి. ఏది తప్పినా మీ నెత్తి మీదే."

"నా నెత్తి మీదనే రాయండి సార్."

ఆ నక్షా మొదటి పేజీలో నేను ఇలా రాశాను. ఆదిలాబాద్ పొద్దు గూకాక ఉండదు. ఇది లోపం కాదు. ఆయన రెండో వాక్యం కొట్టేశాడు. శుద్ధప్రతిలో నేను మళ్ళీ రాశాను. మళ్ళీ కొట్టేశాడు. మూడోసారి రాసి ఇస్తే చదవకుండా సంతకం పెట్టాడో, చదివే పెట్టాడో నాకు తెలియదు.

అంతా నల్లేరు మీద నడకలా సాగిందని అనను. మొదటి వారంలోనే ఆదిలాబాద్, హైదరాబాద్ ఒకే లెక్కను రెండు రకాలుగా మార్చి కూర్చున్నాయి. పొద్దున అతుకు కుదరలేదు. పాతదాన్ని తుడిచెయ్యరాదన్న నియమం ఉండబట్టి బతికాం. మధ్యాహ్నం దాకా ఫోన్లో అరుచుకున్నాం, ఎవరిది ఉంచాలో తేల్చుకున్నాం. అధికారి ఫోన్ చేసి, "చూశారా, నేను చెప్పలేదూ?" అన్నాడు. చూశాను సార్, తేల్చుకున్నాం సార్ అన్నాను. తర్వాత తర్వాత ఆ గొడవలు తగ్గాయి, మొత్తానికి పోలేదు. అవ్వ అతికిన పడుగుల్లో కూడా అప్పుడప్పుడూ ఒక పోగు తెగేది. అప్పుడు మగ్గం ఆపి ముడి వేసుకునేవారు.

నక్షా అమల్లోకి వచ్చిన తొలి రోజుల్లో ఒక సాయంత్రం కరీంనగర్ ఆఫీసులో బయల్దేరబోతున్నాను. బ్యాగు భుజానికి వేసుకున్నాను. అందులో ఆ ఫ్యూజు ఇంకా ఉంది. తిరిగి ఇమ్మని తర్వాత ఎవరూ అడగలేదు. ఫోను మోగింది. హైదరాబాద్ నుంచి అధికారే.

"ఏంటండీ, ఆదిలాబాద్ కనిపించడం లేదు?"

కిటికీలోంచి చూశాను. కరీంనగర్‌లోనూ చీకటి పడుతోంది. అక్కడ బాపు ఈపాటికి రెండుసార్లు అరిచి ఉంటాడు. అవ్వ కిటికీలు చూసుకుని ఉంటుంది.

"చీకటి పడ్డది సార్" అన్నాను. "అందరు ఇండ్లకు పోయిండ్రు."

ఆయన ఇంకేదో అనబోయాడు. నేను ఫోను పెట్టేసి, లైటు తీసి ఇంటికి పోయాను.